పరదాలో నడిచిన కోళ్లు

పోయిన వారం ఒక శవయాత్రలో నన్ను ఇద్దరు తిట్టారు. పాడె వెనక కొమ్ము పట్టిన నేను మరీ మెల్లగా నడుస్తున్నానని వాళ్ల అభియోగం. నిజమే, నడిచాను. పాడె మీద ఉన్న మనిషి బతికుండగా ఆయనతో కలిసి ఏది మోసినా వెనక కొమ్ము నాదే. మెల్లగా నడవడం నేర్పింది కూడా ఆయనే. అయితే మేం మోసింది కోళ్లను. సరిగ్గా చెప్పాలంటే కోళ్లను కూడా మోయలేదు. కోళ్లు తమ కాళ్ల మీద తాము నడిచాయి. వాటి చుట్టూ ఉన్న ఇంటిని మేం మోశాం.

ఆయన పేరు రాయను. రాస్తే దాని ముందు ఉండాల్సిన బిరుదులు వదిలేశానని బాధపడే మనిషి. అందరం బాపూ అనేవాళ్లం. ఆయన నన్ను బీయే సాబ్ అనేవాడు. నా చదువుకు ఈ పాతబస్తీలో దక్కిన గౌరవం మొత్తం అదే కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు.

యాకుత్‌పురా స్టేషన్‌కు ఈవల, ఒక జాగీర్దారు గారి పాత భవంతిలో, ఇక్కడ దేవిడీ అంటారు, మేం ఎన్నేళ్లుగానో అద్దెకుంటున్నాం. జాగీర్లు పోయాయి, జాగీర్దారు గారూ పోయారు. పెద్ద దొరసాని మాత్రం మేడ మీద మిగిలింది. కింద వరండాల గదులు అద్దెకిచ్చి ఆ అద్దె మీద బతుకుతోంది. ఒక వైపు నేనూ మా అమ్మా. ఎదుటి వైపు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉన్న సేటు కుటుంబం. మధ్యలో ఒకప్పటి తోట. దాని నడుమ నీళ్లు మరిచిపోయిన ఫౌంటెన్. వీధి వైపు పెద్ద దర్వాజా, కానీ తలుపుల్లేవు. ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు.

ఆ దర్వాజా పక్కన ఫరాష్‌ఖానా ఉంది. డేరాలు, జంఖానాలు, తెరలు దాచే కొట్టు. అందులో డేరాలతో పాటు బాపు కూడా మిగిలిపోయాడు. ఆయన ఉద్యోగం ఏమిటని మొదట్లో ఒకసారి అడిగాను.

"పరదా పట్టేటోణ్ణి," అన్నాడు, హైకోర్టు జడ్జీ తన హోదా చెప్పుకున్నట్టు.

దొరసానులు బగ్గీ దిగి గుమ్మం దాకా నడిచేటప్పుడు నలుగురు మనుషులు నాలుగు మూలలా కర్రలు పట్టుకుని, వాళ్ల చుట్టూ ఒక గుడ్డగోడను నడిపించేవాళ్లట. గోడ తొందరపడితే లోపలివాళ్లకు తగులుతుంది. వెనకబడితే లోపలివాళ్లు లోకానికి కనపడతారు. లోపల ఎవరి అడుగు ఎంతో, అటు చూడకుండా చెవితోనే పట్టుకోవాలి. ముఖం ఎప్పుడూ బయటికే. "మెల్లగ, లోపల నడుస్తున్నరు" అని ముందున్నవాడు వెనకవాడిని హెచ్చరిస్తుండాలి.

"జిందగీల ఒక్కసారి లోపలికి చూడలే బీయే సాబ్. గదీ నౌకరీ."

జాగీర్లతో పాటు ఆ నౌకరీ కూడా పోయింది. దొరసాని ఆయనను కొట్టులోనే ఉండమంది. ఒకే షరతు: అద్దెకున్నవాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాకూడదు. అద్దె తప్ప ఆమెకు వేరే జాగీరు లేదు మరి. ఫిర్యాదు వస్తే ఆయన రాయచూరులో అన్న కొడుకు బట్టల కొట్టుకు పోవాలి. అక్కడ ఆయన కోసం గుమ్మం పక్కన ఒక స్టూలు సిద్ధంగా ఉందట.

"ఆడ నేను కూసునే మనిషిని," అనేవాడు. "ఈడ నడిశే మనిషిని."

అటువంటి మనిషి ఒక ఉదయం బుట్టెడు కోడిపిల్లలతో దిగాడు. పెళ్లిళ్లకు వండే ఒక బావర్చీతో మాట్లాడుకున్నాడట. ఇవి పెరిగి దావత్‌లకు పోతాయి. బావర్చీకి లేత మాంసం కావాలి, బాపుకు పని కావాలి.

మా అమ్మ వరండా చివరికి వచ్చి చూసింది. తరతరాలుగా గుడి కొలువులో ఉన్న ఇంటి మనిషి. కోడి అన్న మాటను కూడా ముక్కు మూసుకునే అంటుంది.

"ఏందయ్యా ఇది? నా గుమ్మం ముంగట కోళ్లా?"

"మీ ముంగట ఉండయమ్మా. సేటు దిక్కుకు పెడ్త."

"మా దిక్కుకా?" అంది సేటు గొంతు లోపలి నుంచి. "మా దిక్కు గాలి ఇంట్లకే వస్తది బాపూ. ఫౌంటెన్ కాడ పెట్టుకో."

ఫౌంటెన్ దగ్గర పెడితే సరిగ్గా దొరసాని కిటికీ కింద. బాపు అటూ ఇటూ చూశాడు. మీసం సవరించుకున్నాడు. ఏదైనా గొప్ప మాట చెప్పబోయే ముందు ఆయన మీసాన్ని కూడా పిలుచుకునేవాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఎవలింటి ముంగటా ఉండయ్. అందరింటి ముంగటికెల్లి పోతయ్."

కోళ్లు ఏ రోజుకా రోజు కొత్త నేల మీద ఉండాలి. ఇల్లే జరుగుతూ పోవాలి. నేల మురికి కాదు, వాసన నిలవదు, పురుగూ గడ్డీ కోళ్లకు దొరుకుతాయి. ఇదంతా ఆయన ఎక్కడా చదివింది కాదు. ముగ్గురూ వద్దన్న దాన్ని ముగ్గురి మీదా పంచడానికి అప్పటికప్పుడు తోచిన రాజీ. ఈ దేశంలో చాలా గొప్ప ఏర్పాట్లు ఇలాగే పుట్టాయని నా అనుమానం.

మొదటి ఇల్లు మూలపడి ఉన్న పల్లకీ కర్రలతో కట్టాడు. టేకు. దాన్ని జరపడానికి నన్నూ సేటునూ పిలిచాడు. ఎత్తాం. సేటు "హమ్మా" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన దుకాణంలో పడుకునే గాజులు అమ్మాడు.

"పల్లకీ కొమ్ములు బాపూ," అన్నాను. "వాటిని మోయడానికి బోయీలు ఉండేవాళ్లు. ఇప్పుడు నేనున్నాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి కర్రలు మార్చాలని ఒప్పుకున్నాడు.

రెండో ఇల్లు వెదురు బద్దలది. పొడవు రెండు నులకమంచాలంత, ఎత్తు మోకాలికి కాస్త పైన. చుట్టూ మీరాలం చెరువు జాలరుల దగ్గర తెచ్చిన పాత వల. పైన సగం వరకు డేరా గుడ్డ, కోళ్లకు నీడ కోసం. అడుగు లేదు. కింది అంచున బద్ద నేలకు తగిలి కోడి కాళ్లు నలుగుతాయని, చుట్టూ మెత్తటి నవారు పట్టీ చీర కుచ్చిళ్లలా వేలాడదీశాడు. దాని మీద ఆయనకు మహా గర్వం. చూడవచ్చినవాళ్లకు ముందు కుచ్చిళ్లు చూపించి, తర్వాతే కోళ్లను చూపించేవాడు.

అందులో గానీ, దాన్ని నేలకు పట్టి ఉంచడానికి గానీ ఒక్క మేకు కూడా లేదు. అన్నీ ముడులే. బద్దలు కలిసిన చోటల్లా తడిపిన నారతాడుతో బిగించి కట్టాడు.

"మేకు బరువు, ముడి అల్కగ," అనేది ఆయన సిద్ధాంతం. "మేకు కొట్టెటోనికి నమ్మకం లేదన్నట్టు."

ఇల్లు తయారయ్యాక ఒక చేత్తో ఎత్తి చూపించాడు. నిజంగానే తేలిక. అంత తేలికైన కట్టడాన్ని నేను మా ఆఫీసు ఫైళ్లలోని వాదనల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

ఇక రోజూ పొద్దున్నే జరిపే తంతు. ముందు కొమ్ము ఆయనది, వెనక కొమ్ము నాది. ఎత్తేముందు ఆయన గొంతు సవరించుకుని, దేవిడీ అంతా వినపడేట్టు అరిచేవాడు: "పరదా!"

ఆ కేక వింటే మగవాళ్లు ముఖం తిప్పుకోవాలన్న పాత అలవాటు ఊరికే పోదు. నీళ్లు తోడేవాడు గోడ వైపు తిరిగేవాడు. సేటు ముసలి గుమాస్తా వరండా స్తంభానికి ముఖం ఆనించేవాడు. మేం జానెడెత్తు లేపి అడుగులో అడుగు వేస్తూ కదిలేవాళ్లం. లోపల కోళ్లు ముక్కుతూ, గొణుగుతూ నడిచేవి. బాపు ముఖం మాత్రం బయటికే. కోళ్లు నడవడం ఒక్కసారి కూడా చూడకుండా కోళ్లు పెంచిన మనిషి హైదరాబాద్ మొత్తంలో ఆయనొక్కడేనేమో.

"మెల్లగ, బీయే సాబ్. లోపల నడుస్తున్నరు."

"కోళ్లు బాపూ," అన్నాను ఒకసారి. "రేపు మసాలా పట్టించుకునేవి. 'నడుస్తున్నరు' ఏమిటి?"

"పరదా లోపల ఉన్నంతసేపు మర్యాద. దేగ్చాలకు పోయినంక మసాలా. దేని జాగల అది."

ఆయనకు ఇంకో సిద్ధాంతం కూడా ఉండేది. ఉరికిన కోడి తోలవుతుంది, కూర్చున్న కోడి పిండవుతుంది. దొరసాని నడక నడిచిన కోడికే రుచి. బావర్చీ మొదటి దావత్ అయ్యాక వచ్చి, ఎముక దగ్గర కూడా లేతగా ఉందని మెచ్చుకుని, తర్వాతి జట్టు కూడా తనకే కావాలన్నాడు. ఆ సాయంత్రం బాపు మీసం కొట్టులో పట్టలేదు.

ఒకసారి ఎవరో చెప్తే శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కోళ్లను చూసి రాసుకుపోవాలని. సరిగ్గా మేం ఎత్తే సమయం. "పరదా!" అన్నాడు బాపు. పాపం పాతబస్తీ బిడ్డ. సంచీతో సహా గోడకు తిరిగి నిలబడ్డాడు. ఫౌంటెన్ అవతలికి చేరాక బాపు "ఐపోయింది సాబ్" అనేదాకా కదల్లేదు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

మా అమ్మ మాత్రం గోడకు తిరిగే మనిషి కాదు. ఆమె షరతులు ఆమెకున్నాయి. తులసికోటకు కోళ్లు కనపడకూడదు. బాపు ఆ వైపు వలకు అడ్డంగా ఇంకో గుడ్డ కట్టాడు. "తులసమ్మకు సుత పరదా." అమ్మకు నవ్వొచ్చింది. రానట్టు లోపలికి వెళ్లింది. కోళ్లు దాటిపోయిన నేలలో వానలకు తోటకూర దుబ్బులు దుబ్బులుగా లేచింది. అది శాకాహారమేనా అన్న మీమాంస మా ఇంట్లో చాలాకాలం నడిచింది. మీమాంస జరుగుతుండగానే పప్పులో పడి అయిపోయింది.

అయినా ఒక రోజు ఒక పుంజు వల సందులోంచి దూరి, ఆరేసిన మడిబట్ట మీద నడిచింది. అమ్మ అరవలేదు. అదే భయం. బాపును పిలిచి, మెల్లగా చెప్పింది.

"ఇంకొక్కసారి నీ కోళ్ల సంబంధం ఏదన్నా నా మడి తాకిందంటే దొరసానికి చెప్త. తర్వాత నీ ఇష్టం."

బాపు వలంతా మళ్లీ కట్టాడు. ఆ రోజు నుంచి మా గుమ్మం ముందు దాటేటప్పుడు ఆయన "పరదా" అనడం కూడా గుసగుసగానే.

ఎండాకాలం వచ్చింది. అమ్మ మా వరండా మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టింది, మడితో, పాత ధోవతి పరిచి. మధ్యాహ్నం తిరిగాక పడమర ఎర్రబడింది. గాలిదుమారం. దర్వాజాలోంచి దుమ్ము లోపలికి దూకి ఫౌంటెన్ చుట్టూ సుడి తిరిగింది. నేను కిటికీ మూయబోతూ చూశాను. కోళ్ల ఇల్లు ముందు ఒక వైపు లేచింది, ఏదో ఆలోచిస్తున్నట్టు ఆగింది. తర్వాత మొత్తం లేచింది. కుచ్చిళ్లు ఆడించుకుంటూ మా వరండా దాటి, మిద్దెకెక్కి, చాలా హుందాగా వడియాల మీద కూర్చుంది.

ఒక్క మేకు కూడా లేదని చెప్పాను కదా.

కింద కోళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన వారం నుంచి ఆ గోడల మధ్యే పెరిగినవి. గోడ లేదన్న సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు. లేచిపోయిన ఇంటి పొడవునా, వెడల్పునా, గీత గీసినట్టు ముద్దగా నిలబడి కళ్లు మూసుకున్నాయి. తలుపుల్లేని దర్వాజా దగ్గర వీధికుక్కలు రెండు అప్పుడే దుమ్ములోంచి ముక్కులు పెట్టి చూస్తున్నాయి. ఒక్క కోడి ఉరికితే చాలు, అన్నీ ఉరుకుతాయి. ఆ జట్టు ఆ వారమే బావర్చీకి పోవాలి.

బాపు కొట్టులోంచి ఉరికొచ్చాడు. ఆయన ఉరకడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. ఒక్క చూపులో అంతా చూశాడు. మళ్లీ లోపలికి పోయి, చంకలో ఎర్ర బట్ట మూటతో వచ్చాడు. కర్పూరం వాసన. పాత పరదా. కోళ్ల ఇంటికి గుడ్డ చాలనప్పుడు ఇందులో ఒక ముక్క కోయమంటే నాతో ఒక రోజంతా మాట్లాడలేదు.

"బీయే సాబ్, ఎనుక! సేటూ, గటు! నడుము సంగతి రేపు!"

మేం ముగ్గురం మూడు మూలలు పట్టుకున్నాం. నాలుగో మూల గాలిలో కొట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే అమ్మ మిద్దె దిగి వచ్చింది. చేతిలో నలిగిన వడియాలు. ముఖంలో రాయచూరు రైలు.

ఆమె నోరు తెరిచేలోపు బాపు, అటు చూడకుండానే, పాత నౌకరీ గొంతుతో అన్నాడు: "గా మూల పట్టు! జారుతున్నది!"

మా అమ్మను ఏకవచనంలో ఆజ్ఞాపించినవాళ్లెవరూ అప్పటికి భూమ్మీద మిగల్లేదు. ఆమె చేతిలోని వడియాలు చూసింది, కుక్కల్ని చూసింది, కోళ్లను చూసింది. వడియాలు కొంగున వేసుకుని మూల పట్టింది.

"మెల్లగ," అన్నాడు బాపు. "లోపల నడుస్తున్నరు."

దుమ్ములో ఏమీ కనపడడం లేదు. కాళ్ల దగ్గర గొణుగుడు వినిపిస్తోంది, దాన్ని బట్టే అడుగు. కుక్కలు ఆ ఎర్ర గోడను చూసి వెనక్కి తగ్గాయి. కొట్టు దిక్కుకు సగం దూరం పోయామో లేదో, మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"ఎడమ దిక్కు కిందికి జారుతున్నది!" దొరసాని గొంతు. "గట్లనా పట్టేది? మీదికి లేపుండ్రి!"

ఎడమ దిక్కు మా అమ్మది. లేపింది.

"హుజూర్," అన్నాడు బాపు, పైకి చూడకుండా.

ఆ పరదా లోపల జీవితమంతా నడిచిన మనిషి దొరసాని. బయటి నుంచి అది ఎలా ఉంటుందో అప్పటిదాకా చూసి ఉండదు. కోళ్లన్నీ కొట్టులోకి చేరేదాకా కిటికీ మూయలేదు.

లోపల మేం దుమ్ము దులుపుకుంటుంటే బాపు డేరా కట్ట మీద కూర్చున్నాడు.  మీసం కిందికి దిగింది.

"ఇన్నేళ్లు డేరాల మధ్య ఉండి మేకులు మరిచిపోయావా బాపూ?" అన్నాను.

"డేరాలకు మేకులు కొట్టెటోళ్లు వేరే ఉండిరి," అన్నాడు. "పరదాకు మేకులు ఎక్కడియి బీయే సాబ్? మేకులం మేమే ఉంటిమి."

నేను నా మూల దుమ్ము దులిపి పరదా మడతపెట్టాను. 

అమ్మ ఇంటికొచ్చింది. తలస్నానం చేసింది. పాడైన వడియాలు పారబోసింది. దొరసానికి ఎప్పుడు చెప్తుందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పొద్దున బాపు ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, రేకు ట్రంకుతో మా వరండా ముందు నిలబడ్డాడు. ఫిర్యాదు అందేదాకా ఆగకుండా ముందే పోవడం పెద్దమనిషితనం అనుకున్నాడు.

"పోయొస్తనమ్మా. తప్పైంది."

"ఎటు?"

"రాయచూరు."

"మరి కోళ్లను ఎవరు నడిపిస్తరు? వీడా?" అని నా వైపు చూపించింది. ఆ చూపులో నా బీయే మీద ఉండాల్సినంత నమ్మకమే ఉంది.

బాపు ట్రంకును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"రోజూ నలుగురం మూలలు పట్టుకోని ఎక్కడ నిలబడ్తమయ్యా? నాకు వంట లేదా? మేకులు కొట్టుకో."

"మేకు బరువైతదమ్మా," అన్నాడు, అలవాటు కొద్దీ.

"అయితే వెదురువే చెక్కుకో. గుమ్మడికాయ ఒకటి తెచ్చియ్యి. వడియాలు మళ్ల పెట్టుకోవాలె."

ఆయన ట్రంకు అక్కడే దించాడు. మీసం దాని జాగాకు అది వచ్చింది. మధ్యాహ్నానికి నాలుగు మూలలా నాలుగు వెదురు మేకులు, ఒక్కోదానికి నారతాడు ఉచ్చు. "ఇనుప మేకు కొట్టలే, చూడుండ్రి," అని సాయంత్రం దాకా అందరికీ చెప్పుకున్నాడు. ఓడిపోయిన వాదంలో కూడా కుచ్చిళ్లు సవరించుకునే మనిషి. ఆ ట్రంకు ఆ తర్వాత దాణా డబ్బా అయింది.

ఇక ఆయన ఎటూ పోలేదు. పాతబస్తీలో ఆ బావర్చీ వండిన ఎన్నో పెళ్లి దావత్‌లకు కోళ్లు మా ఫౌంటెన్ చుట్టూ నడిచే వెళ్లాయి. పోయిన వారం ఒక పొద్దున ఇల్లు జరపడానికి "పరదా" అన్న కేక రాకపోతే నేనే కొట్టు దగ్గరకు పోయాను. చెప్పులు తొడుక్కుని ఉన్నాడు, వెనక్కి వాలి.

రాయచూరు నుంచి అన్న కొడుకు బంధువులతో దిగాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. దొరసాని మేడ మీద నుంచి కబురు చేసింది: పాడె మీద ఎర్ర పరదా కప్పండని. నేను వెనక కొమ్ముకు పోతుంటే అమ్మ చూసింది. గుడి కొలువు ఇంటివాడు ఎవరి పాడె పట్టొచ్చో, ఎవరిది పట్టకూడదో ఆమెకు నాకంటే బాగా తెలుసు. "నీళ్లు కాచి పెడ్త, వచ్చినంక తానం చెయ్యి," అని మాత్రం అంది.

వీధి మలుపులో అన్న కొడుకు ముందు నుంచి కసిరాడు. "ఏంది సాబ్, ఎండెక్కుతున్నది, జల్ది నడువుండ్రి!" పక్కనున్న బంధువు కూడా గొణిగాడు, చదువుకున్నోళ్లతో ఇదే తంటా అని.

"మెల్లగ," అన్నాను. "లోపల నడుస్తున్నరు."

ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు. రెండో వెనక కొమ్ము పట్టిన సేటు మాత్రం ముఖం గోడ వైపు తిప్పి, అడుగు కురచ చేశాడు.